ట్రైలర్లకు పట్టాలు కుట్టిన పెద్దమ్మ

నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి. ప్రశ్నపత్రాలు పంచడానికి ఇంకా అరగంట ఉందనగా అటెండరు వచ్చి, ఆఫీసులో నాకు ఫోన్ వచ్చిందని చెప్పాడు. అవతల మైబు. గద్వాలలో ట్రైలర్ నడిపే డ్రైవరు. ఎప్పుడు ఫోన్ చేసినా సలాం చెప్పి, ఇంట్లో ఒక్కొక్కరి బాగోగులు అడిగి గానీ అసలు సంగతికి రాని మనిషి. ఆ రోజు అవేవీ లేవు.

"సార్, పెద్దమ్మ లేదు. పొద్దుగాల పానం పోయింది. రెండింటికి తీస్తరంట. మీరు రావాలె."

ప్రిన్సిపాల్‌కు చెప్పి, నా గదికి వేరొకరిని చూసుకోమని, దొరికిన బస్సెక్కాను. వనపర్తి దాకా కిటికీ పక్కన కూర్చుని ఆమెను తలుచుకుంటూనే ఉన్నాను. ఆమె నాకు చుట్టం కాదు. గద్వాలలో నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసిన ఆరేళ్లూ ఆమె ఇంటి ముందుగదిలో అద్దెకున్నాను. వీధి మొత్తం ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచాను. ఆమె పనేమిటో చెబితే మీలో చాలామంది నవ్వుతారేమో. లారీల మీద, ట్రైలర్ల మీద సరుకుకు కప్పే టార్పాలిన్లు కుట్టేది. మా దగ్గర వాటిని పట్టాలంటారు.

వాళ్లది మగ్గం ఇల్లు. ఆమె భర్తను పెదనాయన అనేవాళ్లం. ఆయన జరీ నేస్తే, ఆమె నూలు సరిచేసి పడుగు కట్టేది. కళ్ల చూపు తగ్గి పెదనాయన మగ్గం దిగాక, ఆమె రాయచూరు రోడ్డు మీద పట్టాలు కుట్టే ఒక ముసలి ఉస్తాదు దగ్గర కూర్చుని ఆ పని నేర్చుకుంది. ఆయన పోయాక అదే రేకుల షెడ్డును తను తీసుకుంది. అరచేతికి తోలు తొడుగు, వంపు తిరిగిన పెద్ద సూది, మైనం రుద్దిన దారం. డ్రైవర్లు చినిగిన పట్టా తెచ్చి ముందర పడేస్తే, పట్టా కేసి చూసేది కాదు. ముందు ఆ మనిషిని చూసి, "ఇంటికాడ అందరు మంచిగున్నరా?" అని అడిగేది. జవాబు విన్నాకే పట్టా విప్పేది. చినుగు ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, అంచు ఎక్కడ పీచులు తేలింది అని వేళ్లతో తడుముతూ పోయేది.

నేను చేరిన కొత్తలో ఒకరోజు, పట్టాలు ఎప్పుడూ ముందు మూలల్లోనూ వెనక అంచుల్లోనూ చినుగుతాయి, నడుమ చినగవు, ఎందుకు అని నన్ను అడిగింది. గాలి ఒత్తిడి అని ఏదో చెప్పబోయి, రెండు వాక్యాల తర్వాత నాకే తెలియదని అర్థమై ఆగిపోయాను. ఆమె సూది మైనంలో గుచ్చుతూ నవ్వింది.

"తెల్వకుంటే తెల్వదని చెప్పు సారూ. నేనేమన్న పరీక్ష పెడుతున్ననా?"

ఆ మాట తర్వాత కాలంలో నేను నా విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను, ఎవరి మాటో చెప్పకుండా.

మైబు సంగతి వచ్చింది ఆ మరుసటి ఏడు. వీపనగండ్ల పక్క పల్లె అతనిది. గద్వాలలో ఒక జిన్నింగ్ మిల్లు సేటు దగ్గర ట్రైలర్ డ్రైవరు. పత్తి బేళ్లు ఎక్కించుకుని హైదరాబాద్ అవతలి నూలు మిల్లులకు తీసుకుపోయేవాడు. కర్నూలు నుంచి హైదరాబాద్ పోయే పెద్ద రోడ్డును అప్పుడప్పుడే వెడల్పు చేస్తున్నారు. బాగైన చోటల్లా బళ్లు మునుపటికన్నా వేగంగా పోతున్నాయి. వేగం పెరిగిన కొద్దీ మైబు బండికి డీజిల్ ఎక్కువ పడుతోంది. సేటుకు అది నమ్మబుద్ధి కాలేదు. దారిలో డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని హమాలీల ముందర అనేశాడు.

ఆ సాయంత్రం మైబు షెడ్డులో తల వంచుకుని కూర్చున్నాడు. పట్టా కుట్టించుకోవడానికి వచ్చాడు గానీ నోరు తెరవడం లేదు. పెద్దమ్మే గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నమాజు తప్పని మనిషి, తన కొడుకు చదివే బడిలో ఈ మాట తెలిస్తే ఎలా అని అదే బాధ. ఆమె అంతా విని, అతని పట్టాను షెడ్డు మొత్తం పరిచింది. ముందు అంచు గుడ్డపీలికలా వేలాడుతోంది. వెనక రెండు మూలలూ ఊడిపోయాయి.

"నువ్వు దొంగవు కావు. నీ బండిని ఎవరో ముంగట నుంచి నూకుతున్నరు, ఎనక నుంచి గుంజుతున్నరు. గీ పట్టా చూస్తే తెలుస్తలేదా?" అంది.

నేను నా గదికి పోయి పుస్తకాలు తీశాను. ఎదురుగా చదునుగా గోడలా నిలబడ్డ వస్తువును గాలి ఎంత బలంగా ఆపుతుందో, వెనక చోటు ఖాళీ అయి సుడులు తిరిగే గాలి ఎలా వెనక్కి లాగుతుందో, వేగం కాస్త పెరిగినా ఆ అడ్డు ఎంతగా పెరుగుతుందో అందులో ఉంది. పదేళ్లుగా క్లాసులో నల్లబల్ల మీద గీస్తున్న గీతలవి. ఒక డ్రైవరు పరువుకు అవి పనికొస్తాయని నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. కాగితం మీది గాలి వద్దు, రోడ్డు మీది గాలి చూడాలంది.

చూడటానికి ఆమె పట్టిన ఉపాయం నేత మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదు. మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర నూలు కొసలు జానెడు జానెడు తెంపి, మైబు పట్టా మీద నాలుగు వైపులా కుట్టింది. ఒక కొస కుట్టు కింద, రెండో కొస వదులుగా. గాలి ఎటు పోతే దారం అటు పోతుంది. మరునాడు తెల్లవారాక ఎర్రవల్లి చౌరస్తా పోయే రోడ్డు మీద మైబు ట్రైలర్ నడిపాడు. పక్కన నా స్కూటర్. వెనక సీటు మీద పెద్దమ్మ, కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని. యాభై దాటిన మనిషి. చేలకు పోయే కూలీలు ఆగి చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఆమెకు చుట్టుపక్కల ధ్యాసే లేదు. కాసేపు ముందుకు పొమ్మంటుంది, కాసేపు వెనకబడమంటుంది.

ముందు ముఖం మీది దారాలు పట్టాకు అతుక్కుపోయాయి. పక్క మూలల దగ్గరివి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. వెనకవైపు చూసి ఆమె నా భుజం గట్టిగా నొక్కింది.

"సారూ, బండి ముంగటికి పోతుంటే ఎనక దారాలు కూడ ముంగటికే పోతున్నయ్."

నేను నల్లబల్ల మీద వందసార్లు గీసిన సుడిగుండాన్ని కళ్లతో చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత నెల రోజులు షెడ్డులో వేరే పని సాగలేదు. బేళ్ల ముందు వెదురు బద్దలు వంచి కట్టి, కేబిన్ నెత్తి మీది నుంచి సరుకు పైదాకా ఏటవాలుగా, గుండ్రంగా పోయేటట్టు పట్టా కుట్టింది. కేబిన్‌కూ ట్రైలర్‌కూ నడుమ ఉండే సందును ఊరికే మూస్తే, మలుపుల్లో బండి విరిగినట్టు తిరిగి గుడ్డ చినుగుతుంది. అక్కడ చీరకు పెట్టినట్టు కుచ్చిళ్లు పెట్టింది. మలుపులో విచ్చుకుంటాయి, తిన్నగా పోయేటప్పుడు ముడుచుకుంటాయి. పక్కల్లో ఎక్కడా గాలి దూరి బుడగలా లేవకుండా జానెడుకొక తాడు. వెనక మూలల్ని కోసుగా కాకుండా లోపలికి మడిచింది. ప్రతి మార్పు తర్వాతా మళ్లీ దారాలు, మళ్లీ నా స్కూటర్. "గాలితోని కొట్లాడొద్దు సారూ, జర జరిగి తొవ్వ ఇయ్యాలె" అనేది, నడుము పట్టేసి కూర్చోలేక గోడకు ఆనుకుని.

మైబు ఆ పట్టాతో మొదటిసారి హైదరాబాద్ పోయి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పోయేముందు ట్యాంకు మూతి దాకా నింపాడు. వచ్చాక అదే బంకులో మళ్లీ మూతి దాకా నింపితే, ఎప్పుడూ పట్టేంత పట్టలేదు. పరుగులాంటి నడకతో షెడ్డుకు వచ్చి చెప్పాడు. మేం ముగ్గురం పిల్లల్లా నవ్వుకున్నాం. మరునాడు మైబు మొహం మళ్లీ వాడిపోయి ఉంది. సేటు ఏమన్నాడంటే, "చూసినవా, గట్టిగ అడగంగనే దొంగతనం బంద్ జేసిండు."

మేలు చేయబోతే నిందను ఖాయం చేసినట్టయింది. నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ తోలు తొడుగు తీసి పక్కన పెట్టి, చెప్పులేసుకుని మిల్లుకు బయల్దేరింది. నేను వెంట నడిచాను. సేటు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సేటూ, మైబును ఇంట్ల కూసోబెట్టు. నీకు నమ్మకమున్న డ్రైవర్ని పెట్టు. ఒక తాప నా పట్టాతోని తోలు, ఒక తాప పాత పట్టాతోని తోలు. గదే బండి, గదే సరుకు, గదే బంకు. గప్పుడు ఏం తేడా వస్తదో నువ్వే చూడు."

ఒకటి తప్ప మిగతావన్నీ మారకుండా ఉంచి ఆ ఒక్కదాన్నే పరీక్షించాలని నేను ఏటా మొదటి ప్రాక్టికల్ క్లాసులో చెబుతాను. బడి మొహం చూడని మనిషి నోట ఆ మాట విని నేను ఆ గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

సేటు ఒప్పుకున్నాడు. తన చుట్టం డ్రైవరును పెట్టాడు. పాత పట్టాతో ఆ చుట్టానికీ మైబుకు పట్టినంత డీజిలే పట్టింది. కొత్త పట్టాతో తగ్గింది. సేటు క్షమాపణ ఏమీ చెప్పలేదు. మిగతా రెండు ట్రైలర్లకు కూడా అలాంటి పట్టాలు కుట్టమని మనిషితో కబురు పంపాడు. పెద్దమ్మ వచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి, "ముందుగాల మైబుకు తప్పయిందని చెప్పుమను. ఏడ అన్నడో ఆడనే చెప్పాలె. గప్పుడు కుడత" అంది. వారం గడిచింది. ఒక పొద్దున మిల్లు ముందు హమాలీల ఎదుట సేటు ఆ మాట అన్నాడు. మైబు షెడ్డుకు వచ్చి, ఆమె కుడుతున్న పట్టా రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు.

ఇంతవరకూ మంచి సంగతులు. ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

పని కుదిరిందన్న ఉత్సాహంలో నేను ఇంకో ఆలోచన చెప్పాను. ట్రైలర్ కింద, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ ఖాళీలో దూరే గాలిని కూడా ఆపాలి, పక్కల్లో పొడవుగా తెర కట్టాలి అని. పుస్తకంలో బొమ్మ చూపించాను. ఆమె కొంచెం వెనకాడింది. నేలకు దగ్గరగా గుడ్డ వేలాడటం మంచిది కాదేమో అంది. నేను పట్టుబట్టాను. పాత పట్టాలు కోసి, రెండు పక్కలా ఒక్కొక్కటే పొడవాటి తెర కుట్టింది. రెండు ట్రిప్పులు బాగానే జరిగాయి. మూడోసారి బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన మీద పక్కగాలి కొట్టింది. వంతెన దాటి పెబ్బేరు చేరేలోపు ఒక తాడు తెగి, తెర రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. దాని కొస వెనక వస్తున్న ఒక రైతు మోపెడ్ చక్రానికి తగిలి, ఏం జరిగిందో తెలిసేలోపే అతను పడ్డాడు. చెయ్యి విరిగింది. మైబే అతన్ని వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు.

రైతు పేరు నాగన్న. రోడ్డు పని జరిగే చోట గుంతలో పడ్డానని అతను అనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు. ఎవరూ మమ్మల్ని అడగలేదు, అడిగేవాళ్లూ లేరు. మైబు జరిగింది చెప్పి కబురు చేస్తే, సాయంత్రం నేనూ పెద్దమ్మా దవాఖానకు పోయాం. ఆమె మంచం పక్కన నిలబడి, అతని భార్య వింటుండగా, నెమ్మదిగా చెప్పింది.

"గుంత కాదు బిడ్డా. నేను కుట్టిన గుడ్డ నిన్ను పడగొట్టింది. తప్పు నాది."

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆలోచన నాది, పట్టుబట్టింది నేను. ఆమె నా వైపు కనీసం చూడలేదు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు.

నాగన్న భార్య ఏడుస్తూ చెప్పింది ఒక్కటే. పల్లి పీకే రోజులు, కూలీలు దొరకడం లేదు, మనిషి మంచాన పడితే చేను ఏం గాను అని. మరునాడు పెద్దమ్మ షెడ్డుకు తాళం వేసి, పెదనాయనను తమ్ముడింట్లో దిగబెట్టి, నాగన్న ఊరికి పోయే వీపనగండ్ల బస్సెక్కింది. చేను అయ్యేదాకా అక్కడే ఉంది. వాళ్లింట్లోనే పడుకుంది, వాళ్లతోపాటే పల్లి పీకి, కాయ తెంపింది. ఆదివారం నేను పోయి చూస్తే, సూది పట్టి గట్టిపడ్డ ఆ వేళ్లు కూడా పగిలి మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. నేనూ రెండు వరసలు పీకాను. నాగన్న చెట్టు నీడలో కట్టుతో కూర్చుని చూస్తున్నాడు. అతనితో మాట్లాడాలని రెండుసార్లు అటు నడిచాను. రెండుసార్లూ మంచినీళ్లు తాగి వెనక్కి వచ్చాను.

గద్వాలకు తిరిగి వచ్చాక ఆమె దారాల మూట అటకెక్కించింది. చినుగులు కుట్టడమే తప్ప ఇంకేమీ చేయనంది. ఒకరోజు నాగన్న కట్టు విప్పించుకుని, తనే బస్సులో షెడ్డుకు వచ్చాడు. ఆ గుడ్డ ఎందుకు కట్టారో చెప్పమని అడిగాడు. ఆమె చెప్పింది. మైబు మీద పడ్డ నింద కూడా చెప్పింది. అతను చాలాసేపు ట్రైలర్ పట్టాల కేసి చూసి, "పని మంచిదే కదా పెద్దమ్మా. ఇడ్సిపెట్టకు, జర పైలంగ చెయ్యి" అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

రెండోసారి ఆమె కుట్టిన తెర ఒక్క గుడ్డ కాదు. జానెడు వెడల్పు ముక్కలు, ఒకదాని మీద ఒకటి సగం వాలి, పైన మాత్రమే బెల్టుతో బిగించినవి. నేలకు రెండు జానల ఎత్తు. ఒకటి ఊడినా చక్రందాకా చేరదు, మనిషిని పడగొట్టేంత పొడవుండదు. డీజిల్ మొదటి తెరకు మిగిలినంత మిగలలేదు. నేను ఆ మాట అంటే, "మిగిలింది చాలు" అంది. బండి వెనక తోకలా సన్నబడే పట్టా కడితే ఇంకా మిగులుతుందని మరోసారి చెప్పాను. కుట్టి చూసింది. నా స్కూటర్ మీద కూర్చుని వెనక నుంచి పరీక్షగా చూసి, ఎర్రలైటు సరిగా కనబడటం లేదని అదే రోజు విప్పేసింది. విప్పుతూ అంది, "డీజిల్ మల్ల పోసుకుంటరు సారూ. మనిషిని ఏడికెల్లి తెస్తం?"

కొందరు డ్రైవర్లు ఆ పట్టాలు చూసి నవ్వారు, బండికి చీర కట్టారని. కొందరు యజమానులు ఒకసారి కట్టించి విప్పేశారు. ఊళ్ల మధ్య మెల్లగా పోయే బళ్లకు దాంతో పెద్ద లాభం లేదని ఆమే చెప్పి పంపేసేది. పెద్ద రోడ్డు మీద దూరం పోయేవాళ్లు మాత్రం రాయచూరు నుంచి కూడా వచ్చేవారు. కన్నడం కలిపి మాట్లాడే ఆ డ్రైవర్లతో ఆమె కూడా ఏదో కలిపి మాట్లాడేది. వీధిలో ఇద్దరు ఆడవాళ్లకు ఆ కుట్టు నేర్పింది. నాకు నాగర్‌కర్నూల్ బదిలీ అయిన రోజు బస్టాండు దాకా వచ్చి, నా పెట్టె మూత సరిగా పడటం లేదని, అక్కడే కూర్చుని దానికి మందపాటి గుడ్డ తొడుగు కుట్టి ఇచ్చింది. రెండేళ్లుగా షుగర్ ఆమెను లోపల లోపల తింటోందని మైబు ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. సెలవుల్లో పోదాంలే అనుకుంటూ నేను వాయిదా వేశాను.

నేను చేరేసరికి ఒంటిగంట దాటింది. షెడ్డు ముందు ఆమెను పడుకోబెట్టారు. పెదనాయన తల దగ్గర కూర్చుని, కనబడని కళ్లతో వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు వైపు మొహం తిప్పుతున్నాడు. గోడ పక్కన నాగన్న, అతని భార్య నిలబడి ఉన్నారు. ఈసారి ఆగలేదు. నేరుగా పోయి, ఆ రోజు తెర కట్టమన్నది నేనని, ఇన్నేళ్లూ చెప్పలేకపోయానని చెప్పాను.

నాగన్న ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎరుకే సార్. చేన్ల ఉన్నప్పుడే చెప్పింది పెద్దమ్మ. సారుకు నోరు వస్తలేదు, లోపల బాధ పడుతుండు, నువ్వు ఏమనకు అన్నది."

అతని చెయ్యి పట్టుకున్నాను. అదే చెయ్యో, రెండోదో చూసుకోలేదు.

రెండింటికి పాడె లేచింది. ఒక కొమ్ము మైబు పట్టాడు, ఎవరూ కాదనలేదు. ఇంకో కొమ్ము నాకిచ్చారు. రాయచూరు రోడ్డు మీదికి ఎక్కగానే ఎదురుగా కర్ణాటక నంబరుతో ఒక ట్రైలర్ వచ్చింది. డ్రైవరు ఎవరో మాకెవరికీ తెలియదు. పోయింది ఎవరో అతనికీ తెలిసి ఉండదు. బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు. కిందికి దిగి, చెప్పులు విడిచి కేబిన్ మెట్టు మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎండకు తారు మెత్తబడి మెరుస్తోంది. మేం అతన్ని దాటేదాకా, ఒక కాలు ఎత్తి మరో కాలి మీద ఆనించుకుంటూ, మళ్లీ కాలు మారుస్తూ, అలాగే నిలబడి ఉన్నాడు. చెప్పులు మాత్రం వేసుకోలేదు.